బయోచార్‌తో అద్దకపు నీటి శుద్ధి

వరి ఊక, వేరుశనగ పొట్టు, కొబ్బరి చిప్పల వంటి వ్యర్థాలను గాలి దాదాపు అందకుండా సుమారు 300–700 డిగ్రీల సెల్సియస్ వేడికి గురిచేస్తే మిగిలే సన్న రంధ్రాల బొగ్గు బయోచార్. అద్దకం యూనిట్ల మురుగునీటిలోని రంగులను ఇది తన ఉపరితలానికి పట్టి ఉంచుతుంది. అనేక సింథటిక్ రంగులు సూక్ష్మజీవులకు సులభంగా లొంగవు కనుక ఈ పద్ధతికి ప్రాధాన్యం ఏర్పడింది.

ఈ పట్టు ఎంత గట్టిదన్నది చాలావరకు విద్యుదావేశాన్ని బట్టి ఉంటుంది. ధనావేశం గల మిథిలీన్ బ్లూ అనే రంగు క్షార నీటిలో బాగా అంటుకుంటుంది. నూలుకు విరివిగా వాడే రియాక్టివ్ రంగులది ఋణావేశం. వాటికి ఆమ్ల నీరు అనుకూలం. కానీ ఆ అద్దకపు నీరు సాధారణంగా క్షారంగా, ఉప్పగా వస్తుంది. అందువల్ల ప్రయోగశాలలో మిథిలీన్ బ్లూతో సాధించిన ఫలితాలను ఫ్యాక్టరీ నీటికి నేరుగా వర్తింపజేయడం సరికాదు. బయోచార్‌ను పొటాషియం హైడ్రాక్సైడ్‌తో ఉత్తేజపరిస్తే ఉపరితల వైశాల్యం పెరుగుతుంది. అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడ్ చేరిస్తే బొగ్గును అయస్కాంతంతో వేరుచేయవచ్చు.

నొయ్యల్ నది కాలుష్యం కారణంగా తమిళనాడులోని తిరుప్పూరు అద్దకం యూనిట్లను మూసివేయాలని మద్రాసు హైకోర్టు 2011లో ఆదేశించింది. అటువంటి చోట రంగు ఒక్కటే సమస్య కాదు, కరిగిన ఉప్పును బయోచార్ తొలగించలేదు. అక్కడ ఇది ఆర్‌ఓ (రివర్స్ ఆస్మోసిస్) శుద్ధికి ముందు దశగా పనికొస్తుంది. రంగు పట్టిన బొగ్గును పొలాల్లో చల్లకూడదు.