సిరా డబ్బా మీద హక్కు

ఒకప్పుడు విద్యార్థి సంఘాల కరపత్రాలు ఎన్నో సైక్లోస్టయిల్ యంత్రం మీదనే అచ్చయ్యేవి. ఆ యంత్రంలో పోసే సిరా గురించి ఒక వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయిందన్న సంగతి మన చరిత్ర పాఠాలలో కనిపించదు. డబ్బిచ్చి కొన్నవాడే వస్తువుకు స్వంతదారు అని బూర్జువా న్యాయశాస్త్రం ఘోషిస్తుంది. ఆ మాటకు అది ఎంతవరకు కట్టుబడి వుంటుందో ఈ వ్యాజ్యంలో చూడవచ్చు.

షికాగోలోని ఏ.బి. డిక్ కంపెనీ మీమియోగ్రాఫ్ అనే పేరుతో ఈ యంత్రాన్ని అమ్మేది. యంత్రానికి ఒక చీటీ అంటించి వుండేది: స్టెన్సిలు కాగితం, సిరా, తక్కిన సామగ్రి తమ కంపెనీవి మాత్రమే వాడాలని షరతు. పేటెంటు వున్నది యంత్రానికే, సిరాకు కాదు. కాని యంత్రాన్ని గిట్టుబాటు ధరకో, అంతకు తక్కువకో అమ్మి, లాభాన్ని సామగ్రి మీద రాబట్టుకోవటం కంపెనీ పద్ధతి. యంత్రం ఒక్కసారే కొంటారు. సిరా మళ్ళీ మళ్ళీ కొంటారు.

హెన్రీ అనే ఆయన, ఈ షరతు తెలిసే, ఆ యంత్రం కొన్న న్యూయార్కు స్త్రీకి ఒక డబ్బా సిరా అమ్మాడు. అది పేటెంటు ఉల్లంఘనకు తోడ్పడటమేనని 1912లో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ముగ్గురు కాదన్నారు. వారిలో ప్రధాన న్యాయమూర్తి వైట్, ఇదే న్యాయమైతే పేటెంటు వున్న వంటపాత్ర అమ్మినవాడు అందులో వండే సరుకులు కూడా తన వద్దనే కొనాలని శాసించవచ్చునే అని వాదించాడు. వైట్ శ్రామికవర్గ పక్షపాతి ఏమీ కాదు. అయినా అంగడి వాసన బాగానే పసిగట్టాడు.

1914లో క్లేటన్ చట్టం, పేటెంటు వున్నా లేకున్నా, పోటీని దెబ్బతీసే ఇటువంటి షరతులను నిషేధించింది. 1917లో సినిమా ప్రొజెక్టరు తగాదా వచ్చింది. తమ ఫిల్ములే ఆడించాలన్న పేటెంటుదారుల షరతు చెల్లదని కోర్టు ప్రకటించి, 1912 తీర్పును త్రోసిపుచ్చింది. దీనిని ప్రజావిజయంగా వర్ణించే మిత్రులున్నారు. నేనంత దూరం పోను. అక్కడ గెలిచింది యూనివర్సల్ కంపెనీ; అంటే ఒక పెట్టుబడిదారు మీద మరొక పెట్టుబడిదారు. అయితే ఆ సందులో నుంచి కొనుగోలుదారు హక్కు కూడా కొంత బయటపడిందనటం నిజం. మన దేశంలో 1970 నాటి పేటెంటుల చట్టం 140వ సెక్షను, పేటెంటు సరుకుతోపాటు వేరే సరుకు కూడా అమ్మినవాడి వద్దనే కొనాలనే షరతును చెల్లకుండా చేసింది.

డిక్ కంపెనీ చీటీ చేసిన పని తరువాతి కాలంలో చిప్పుకు అప్పగించారు. లెక్స్‌మార్క్ కంపెనీ ప్రింటరు, తమ చిప్పు లేని టోనరు డబ్బాను పనిచేయనివ్వదు. బదులు చిప్పు తయారుచేసిన సంస్థ మీద కాపీరైటు పేరిట తెచ్చిన నిషేధపుటుత్తరువును 2004లో అప్పీలు కోర్టు రద్దు చేసింది. ఒకసారి అమ్మిన డబ్బా మీద పేటెంటు హక్కు మిగలదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. తేల్చినా, ఆ డబ్బా తిరిగి నింపి అమ్మదలచినవాడు ముందు చిప్పు సంగతి చూసుకోవలసిందే.