అవతారం చాలించని ఆట

మా పక్క ఎండాకాలం రాత్రులు నిశ్శబ్దంగా ఉండవు. పూతలపట్టు చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో, ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతూనే ఉంటుంది. పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. గాలి ఇటు తిరిగితే హార్మోనియం, అటు తిరిగితే ఒట్టి మద్దెల. అట్లాంటి ఒక రాత్రి మా అక్క కొడుకు అరుగు మీద కూర్చుని ఫోన్‌లో తల దూర్చి ఉన్నాడు. సంగటి చల్లారిపోతోందని లోపలి నుంచి మా అక్క మూడోసారి కేకేసింది.

"లేయరా, తినేసి ఆడుకుందువు" అన్నాను.

"ఇప్పుడు లేస్తే మా గిల్డోళ్లు తిడతారు మామా. అందరూ నాకోసరం కాసుకోనుండారు."

"ఎవర్రా వాళ్లు?"

"ఇద్దరు ఫిలిప్పీన్స్, ఒకడు ఇండోనేషియా. ఇంకొకడు ఏ వూరో తెలీదు. మాకు దెబ్బలు మాన్పేది వాడే."

మా అవ్వ వంగి ఫోన్‌లోకి చూసింది. తలకు కొమ్ములు, వీపున రెక్కలు, చేతిలో మనిషంత కత్తి. "ఏందిరా ఈ అవతారం?" అనింది. వాడు తల ఎత్తకుండానే, "అవతారమే అవ్వా. దీన్ని అవతార్ అనే అంటారు" అన్నాడు.

వాడు ఎగతాళికే అని ఉండొచ్చు గానీ, మాట మాత్రం అక్షరాలా నిజం. మన అవతారమే సముద్రాలు దాటిపోయి, కొమ్ములూ రెక్కలూ మొలిపించుకుని, మళ్లీ మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. పోయిన దారీ వచ్చిన దారీ చెప్పుకోదగ్గవి.

వేషం కట్టడం మా పక్కవాళ్లకు కొత్త కాదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకొక వేషం: బైరాగి, తోటి, దొర, మాతంగి. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి పట్టుకోవడానికి అమ్మవారు వేషాలు మారుస్తూ వెతికిందనీ, వాడు ఏ వేషానికీ బయటపడక చివరికి దొర వేషం చూసి బయటికొచ్చి తల పోగొట్టుకున్నాడనీ కథ. ఆ వారం రోజులూ మీసాలున్న మగవాళ్లు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, ఎవరేమనుకుంటారోనన్న బెదురు లేకుండా వీధుల్లో తిరుగుతారు. రోజూ ఉండే మనిషి కాసేపు పక్కకు తప్పుకుంటాడు. ఆన్‌లైన్ ఆటల్లో మా వాడు పొందే సుఖంలో సగం ఇదేనని నా అనుమానం. పదో తరగతిలో లెక్కలు తప్పినవాడు అక్కడ ఒక సేనకు ముందు నడుస్తాడు.

అయితే జాతరలోగానీ భారతంలోగానీ ఏం జరగబోతోందో ఊరందరికీ తెలుసు. దుర్యోధనుడు ఈసారైనా తప్పించుకుంటాడేమోనని ఎవరూ నిద్ర మానుకుని కూర్చోరు. ఆ తెలిసిన కథను తీసేసి, ముగింపును పాచికల చేతిలో పెట్టింది అమెరికావాళ్లు. అంతకుముందు సైనిక బొమ్మలతో యుద్ధాలాడే అలవాటు ఒకటి ఉండేది. ప్రష్యా సైన్యం పందొమ్మిదో శతాబ్దంలోనే తన అధికారులకు దాంతో తర్ఫీదు ఇచ్చింది. ఆ ఆటలో ఆడేవాడు సేనాపతి, బొమ్మలు ఒట్టి బంట్లు. మినెసోటాలో డేవ్ ఆర్నెసన్ అనే యువకుడు తన స్నేహితులకు సైన్యాలు కాకుండా ఒక్కొక్కరికీ ఒక్కొక్క మనిషిని ఇచ్చి, 'నువ్వే వాడివి, ఇప్పుడేం చేస్తావు' అని అడగడం మొదలుపెట్టాడు. అతనితో గ్యారీ గైగాక్స్ కలిశాడు. 1974 జనవరిలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' మూడు చిన్న పుస్తకాలుగా, ఒక పెట్టెలో, వెయ్యి ప్రతులతో బయటికొచ్చింది. లెవల్ పెరగడం, అనుభవానికి మార్కులు, ఒంట్లో మిగిలిన ప్రాణానికి ఒక అంకె, ఇవన్నీ ఆ పెట్టెలోంచి వచ్చినవే. బల్ల దగ్గర కథ నడిపే పెద్దమనిషి ఒకడుంటాడు. మన నాటకాల్లో సూత్రధారి అనుకోండి. కాకపోతే ఈ సూత్రధారికి కూడా రేపేం జరుగుతుందో తెలీదు.

తర్వాతి మజిలీ ఇంగ్లండు. ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఆ సూత్రధారి పనిని కంప్యూటర్‌కు అప్పజెప్పాడు. ఆటకు పెట్టిన పేరు మడ్. అందులో బొమ్మ అనేదే లేదు, అంతా అక్షరాలే. నువ్వొక సన్నని బాటలో ఉన్నావు అని తెర మీద వస్తుంది. ఉత్తరానికి పొమ్మని టైపు చేస్తే ఇంకో చోటు వర్ణన వస్తుంది. ఇక్కడ అసలు కొత్తదనం, ఆ బాటలో ఇంకొకడు కూడా ఎదురుపడతాడు, వాడు యంత్రం కాదు, పక్క గదిలోనో వేరే ఊళ్లోనో కూర్చున్న మనిషి. ట్రబ్‌షా చదువు ముగిసే వేళకు రిచర్డ్ బార్టిల్ దాన్ని అందుకుని పూర్తిచేశాడు. యంత్రానికి వేరే పని లేని రాత్రిపూట బయటివాళ్లను కూడా ఫోన్ లైన్ల మీద లోపలికి రానిచ్చేవాళ్లు. కనుక ఈ ఆటలు నిద్ర చెడగొడతాయన్న ఫిర్యాదు నిన్నటిది కాదు, పుట్టుకతో వచ్చింది.

మడ్ గురించి ఒక సంగతి నాకు చాలా ఇష్టం. అందులో పాయింట్లు కూడబెట్టుకుంటూ పోతే ఒకనాటికి విజార్డ్ హోదా వస్తుంది. అక్కడితో గెలిచినట్టే. ఎక్కడానికి ఇంక మెట్టు ఉండదు. కావాలంటే ఉండిపోయి కొత్తవాళ్లను ఆడించుకోవచ్చు. అంటే ఈ వంశంలో మొదటి ఆటకు ఒక చివర ఉంది.

అవతారం ఈ కథలోకి దిగింది 1985, 86 ప్రాంతంలో. రిచర్డ్ గారియట్ తన 'అల్టిమా' ఆటల్లో నాలుగోదానికి 'అవతార్' అన్న మాట తగిలించాడు. అక్కడ అది సద్గుణాలన్నీ సాధించిన మనిషికి బిరుదు. ఆ వెంటనే లూకాస్‌ఫిల్మ్ సంస్థలో చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ 'హ్యాబిటాట్' అనే ఆట చేస్తూ, తెర మీద ఆటగాడికి బదులుగా తిరిగే బొమ్మకు ఆ మాటే వాడారు. ఇప్పుడు లోకమంతా వాడుతున్న అర్థం అదే. పైనున్నవాడు కింది లోకంలోకి ఒక ఒళ్లు తొడుక్కుని దిగడం; మాట సరిగ్గానే ఎంచుకున్నారు. కానీ సగమే పట్టుకుపోయారు. మన దగ్గర అవతారం ఎత్తడమే కాదు, అవతారం చాలించడమని కూడా ఒకటుంది. రాముడు సరయులో దిగినప్పుడు, బోయవాడి బాణం తగిలి కృష్ణుడు ఒరిగినప్పుడు మనం వాడే మాట అది. ఆ రెండో సగం ఓడ ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదంటే, అద్దె. తొలి రోజుల్లో ఈ ఆటలకు గంటల లెక్కన డబ్బు వసూలు చేసేవాళ్లు, మన నెట్ సెంటర్‌లాగే. 1990ల మధ్య నుంచి నెల కిరాయి పద్ధతి వచ్చింది: 1996లో 'మెరిడియన్ 59', 1997లో 'అల్టిమా ఆన్‌లైన్', 1999లో 'ఎవర్‌క్వెస్ట్'. నెలనెలా అద్దె వచ్చే ఇంటి నుంచి ఎవరైనా ఖాళీ చేయమంటారా? ఆటకు చివరి మెట్టు పెడితే అద్దె ఆగిపోతుంది. కనుక అరవయ్యో లెవల్ దాకా ఎక్కినవాడికి తర్వాత డెబ్బై చూపించారు. 2004 నవంబరులో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'కు 2010 నాటికి 1.2 కోట్ల మంది చందాదారులు. అందులో నలభై మంది కూడితే తప్ప చావని రాక్షసులుండేవాళ్లు. అమెరికా తూర్పు తీరంలో ఎండాకాలం రాత్రి ఎనిమిదికి దాడి పెట్టుకుంటే మనకు తెల్లవారుజాము ఐదున్నర. ఇక్కడి నుంచి ఆ దాడుల్లో చేరినవాళ్లు పాలు పితికే వేళకు రాక్షసుణ్ణి చంపి, తొమ్మిదికి కాలేజీకి పోయేవాళ్లు.

తయారుచేసినవాళ్లను కూడా ఈ లోకాలు ఏడిపించాయి. అల్టిమా ఆన్‌లైన్‌లో మేత, మేసే జంతువులు, వాటిని తినే జంతువులు అన్నీ తమంతట తాము పెరిగేలా గొప్పగా లెక్కలు కట్టారు. జనం దిగీదిగగానే కనిపించిన ప్రతి ప్రాణినీ కొట్టి చంపేశారు. ఆ లెక్కలన్నీ పక్కన పెట్టేయాల్సి వచ్చింది. అదే ఆట పరీక్షదశలో, 1997 ఆగస్టులో, లార్డ్ బ్రిటిష్ అనే రాజు వేషంలో గారియట్ స్వయంగా సభకు వస్తే ఎవడో ఒక ఆటగాడు అగ్నిమంత్రం వేసి ఆయన్నే చంపాడు. భారతం నాటకంలో ప్రేక్షకుడొకడు లేచి కృష్ణుణ్ణి కొట్టినట్టు. 2001లో ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే ఆర్థికవేత్త ఎవర్‌క్వెస్ట్‌లోని నోరాత్ అనే ఉత్తుత్తి దేశానికి తలసరి ఉత్పత్తి లెక్కగట్టి, అది రష్యాకూ బల్గేరియాకూ మధ్య ఉందన్నాడు. అప్పటి మన దేశం కంటే ఎంతో పైన! లేని దేశం మనల్ని దాటిపోయింది.

మన దేశానికి ఈ ఆటలు 2000ల మధ్యలో వచ్చాయి. 'రాగ్నరాక్ ఆన్‌లైన్', 'ఏ3', రెండూ కొరియావి. ఇంట్లో కంప్యూటరున్నవాళ్లు తక్కువ కనుక ఆట చోటు నెట్ సెంటరే. నేను చిత్తూరులో ఒక ఇరుకు మేడమీద, చెక్క గదుల మధ్య, రాగ్నరాక్‌లో కత్తిసాము నేర్చుకున్నాను. సుఖం గురించి చెప్పాలంటే, మొదటిసారి పట్టణం గేటు దాటి పచ్చికలోకి అడుగుపెట్టినప్పుడు నా పక్క నుంచి పది మంది పరిగెత్తుకుంటూ పోయారు, ఒకడు ఆగి నాకు మందు సీసా ఇచ్చి పోయాడు. ఎవడో తెలీదు. ఆ పది నిమిషాల కోసం తర్వాత ఎన్ని గంటలు పోగొట్టుకున్నానో లెక్క పెట్టలేదు. ఇక కష్టమంటారా, కరెంటు. ఎంతో సేపటి నుంచి కొడుతున్న రాక్షసుడు కిందపడే క్షణానికి వీధంతా చీకటయ్యేది. చెక్క గదుల్లోంచి ఒకేసారి పది గొంతులు ఒకే బూతు. కొన్నేళ్లకు ఆ ఇండియా సర్వర్లే మూతబడ్డాయి. పెంచుకున్న మనిషి, కూడబెట్టిన కవచం, మందు సీసాల స్నేహాలు, అన్నీ పోయాయి. అది చాలించడం కాదు. సగం నాటకంలో పెట్రోమాక్స్ ఆరిపోవడం.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక నెట్ సెంటర్ మా వాడి అరచేతిలోకి దిగింది. మా ఊళ్లో పెద్దవాళ్లకు ఫోన్‌లో ఏ ఆటైనా పబ్జీయే. 2020లో ప్రభుత్వం పబ్జీని నిషేధించినప్పుడు మా అక్క ఇంక పీడ విరగడైందనుకుంది. మావాడు ఆడేది అసలు అది కాదు. దానిలో కాల్చి చంపి అరగంటలో బయటపడొచ్చు. దీనిలో బతకాలి.

దీని బాధలు వేరు. మొదటిది పింగ్, అంటే వేటు ఆట సర్వర్ దాకా పోయి జవాబు వచ్చేలోపు పట్టే ఆలస్యం. చెన్నై నుంచి సింగపూర్‌కు 2002లో వేసిన ఐ2ఐ అనే సముద్రపు తీగ పొడవు 3,200 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వాడి వేటు సింగపూర్ సర్వర్ దాకా పోయి జవాబు రావడానికి ఆ తీగ మీదే కనీసం 32 మిల్లీసెకన్లు. అది కనిపించదు. కనిపించేది ఊరంతా ఒకే టవర్ మీద సీరియళ్లు చూసే రాత్రి ఎనిమిది గంటలప్పుడు. కత్తి ఎత్తితే ఎత్తినట్టే ఉంటుంది, దెబ్బ మాత్రం తగిలిపోయి ఉంటుంది.

రెండోది ఇంకా దొంగ బాధ. ఒక కత్తి నూటికి ఒక్కసారి రాలుతుందని పెడతారు. వంద మందిని చంపితే వచ్చేస్తుందని మావాడి లెక్క. లెక్కల్లో తప్పింది ఊరికే కాదు. వంద మందిని చంపాక కూడా నూటికి ముప్పై ఏడు మందికి ఆ కత్తి రాదు. రానివాడు మాననూ మానడు, ఈసారి తప్పక వస్తుందనుకుంటాడు. తిరునాళ్లలో రింగులు విసిరే ఆటవాడికి ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. ఆట ఉచితమే, కానీ ఆ కత్తి త్వరగా కావాలంటే డబ్బు. రోజూ ఒకసారి తెరిస్తే చిన్న బహుమతి, తెరవకపోతే ఇన్నాళ్ల వరస తెగిపోతుంది. నెల అద్దె పోయి, దినవారీ హాజరు వచ్చింది.

పద్దెనిమిదో రోజు పొద్దున నేనూ మావాడూ దుర్యోధన వధకు పోయాం. మైదానంలో మట్టితో చేసి వెల్లకిలా పడుకోబెట్టిన దుర్యోధనుడు, ఒళ్లంతా రంగులు. దాని చుట్టూ వేషగాడు దుర్యోధనుడు, వెనక గద పట్టుకుని భీముడు. మంది మీదికి వస్తారు, జనం అరుస్తూ చీలిపోతారు. తొడ మీద గద పడింది. ద్రౌపది జుట్టు ముడి వేసుకుంది. సాయంత్రం నిప్పుల గుండం, మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకం, అంతటితో సరి.

రోడ్డు మీద టీ అంగడి దగ్గర దుర్యోధనుడు కూర్చుని ఉన్నాడు. కొబ్బరినూనె పూసుకుని గుడ్డతో అర్దళం తుడుచుకుంటున్నాడు. చెవుల వెనక ఇంకా పసుపు మిగిలే ఉంది.

"మళ్లీ ఎప్పుడు సామీ వేషం?" అన్నాడు మావాడు.

"ఇంకేముంది నాయనా, వచ్చే ఏడే. తోతాపురి కోతలొస్తా ఉండాయి, ఆ పని చూసుకోవాల" అని గ్లాసు పెట్టేసి లేచాడు ఆయన.

మావాడి జేబులో ఫోన్ టింగుమంది. తీసి చూశాడు. ఈ రోజు బహుమతి తీసుకోవడానికి ఇంకా పదకొండు గంటలుంది.