నాడీనాళము మూతపడే వేళ

పులివెందుల ప్రాంతపు వేములలో గాని, జమ్మలమడుగు రేగడి పల్లెలలో గాని కోడిని పొదగ వేయడం చూడని విద్యార్థి ఉండడు. పొదగ వేసిన 33 గంటలకు ఒక గుడ్డును తీసి, గోరువెచ్చని ఉప్పునీటిలో జాగ్రత్తగా పగులగొట్టండి. పచ్చసొన మీద తెల్లని బిళ్ల వంటిది ఒకటి కనిపిస్తుంది. దాని చుట్టూ సన్నని కత్తెరతో కత్తిరించి, వాచ్ గ్లాసులో తేలవేసి, మంచి భూతద్దంతో చూడండి. అదే కోడి పిండము. దాని నడిమి భాగంలో నిలువుగా సాగిన గొట్టము, ఒక చివర ఉబ్బెత్తుగా మూడు బుడగలు ఉంటాయి. ఆ బుడగలు మెదడు కాబోతున్నవి. తక్కిన గొట్టము వెన్నుపాము అవుతుంది.

పది గంటల ముందు చూసి ఉంటే అక్కడ గొట్టము లేదు. చదునైన పలక ఒకటి, దాని రెండు అంచులు మడతలుగా పైకి లేస్తూ, మధ్యలో ఒక గాడి ఉండేవి. ఆ మడతలు ఒకదానినొకటి కలుసుకుని అతుక్కోగా ఏర్పడినదే నాడీనాళము. మెదడులోను, వెన్నుపాములోను ఉండే నాడీకణములన్నీ దాని గోడలలోని కణములు విభజన చెందగా పుట్టినవే. ఇటలీ దేశస్థుడైన మాల్పీజీ 1672లోనే కోడి పిండపు బొమ్మలు గీసి లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. ఆనాటి నుండి గుడ్డు జీవశాస్త్రజ్ఞులకు చవుకైన ప్రయోగశాలగా ఉపయోగపడుతూనే ఉంది.

మనుష్య శిశువులోను ఇదే వరుస. గర్భము నిలిచిన 28 రోజులలోగా నాడీనాళము రెండు చివరలా మూతపడాలి. తలవైపు మూతపడకపోతే మెదడు ఏర్పడదు. అట్టి శిశువు బ్రతకదు. దిగువ వైపు మూతపడకపోతే వెన్ను చీలి, వెన్నుపాము బయటపడి, కాళ్లు చచ్చుబడిన బిడ్డ పుట్టవచ్చు. ఆ 28 రోజులలో తాను గర్భవతినని చాలమంది తల్లులకు తెలియనే తెలియదు.

ఈ చిక్కు కొంతవరకు విడివడడానికి ఆధారమైన పదార్థము ఒక తెలుగువాని ఆధ్వర్యములో తయారైనదంటే కొందరికి ఆశ్చర్యంగా ఉండవచ్చు. శ్రీ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించారు. వారి సోదరులు స్ప్రూ అనే జీర్ణవ్యాధికి బలి అయ్యారు. ఆ వ్యాధిని కుదిర్చే ద్రవ్యము కోసం వెదకడం ఆయనకు సొంత పనివంటిదైంది. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయములో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనువారు నాలుగు టన్నుల పాలకూరను పిండి ఒక కొత్త విటమినును వేరుచేశారు. లాటిన్ భాషలో ఆకుకు గల పేరును బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసినట్లు 1945లో ప్రకటించినది లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారి నాయకత్వాన పనిచేసిన బృందము.

అంతటితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లమును పోలినట్టే ఉండి, దాని పని చేయని పదార్థాలను కూడ ఆ బృందము తయారుచేసింది. అవి తాళంలో దూరుతాయి గాని తిరగవు. అసలు తాళపుచెవిని దూరనివ్వవు. అట్టివానిలో ఎమినోప్టెరిన్ ఒకటి. డి.ఎన్.ఏ. తయారీకి ఫోలిక్ ఆమ్లము అవసరము. కనుక ఈ మందు ముందుగా వేగంగా విభజన చెందే కణములను అడ్డుతుంది. దీనితో బోస్టనులో ఫార్బర్ రక్త కాన్సరు గల 16 మంది పిల్లలకు చికిత్స చేసి, పదిమందిలో తాత్కాలికంగా గుణము కనిపించినట్లు 1948లో ప్రకటించాడు. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు గారు మరణించారు.

పిండములోను కణములు వేగంగానే విభజన చెందుతాయి గదా! కాలిఫోర్నియాలో మార్జొరీ నెల్సన్ మరియు ఆమె సహచరులు గర్భము ధరించిన ఎలుకలకు ఫోలిక్ ఆమ్లము లేని ఆహారముతో పాటు దాని విరోధిని కూడ ఇచ్చారు. 1952లో వారు ప్రకటించిన ఫలితాలలో ఎలుక పిల్లలకు అనేక అవయవ లోపాలు వచ్చాయి. తరువాత ఆ లోపమును 48 గంటలకు మాత్రమే పరిమితము చేసి చూసినా అదే జరిగింది. ఇక్కడ గమనించదగినది పద్ధతి. విరోధిని ఇచ్చి ద్వారము మూయవచ్చు, విటమిను ఇచ్చి తెరవవచ్చు. ఏ దినాన మూస్తే ఏ అవయవము చెడునో చూడవచ్చు. అదే 1952లో, గర్భము కొనసాగరాదని వైద్యులు నిర్ణయించిన కొందరు స్త్రీలకు ఎమినోప్టెరిన్ ఇచ్చిన వృత్తాంతమును థియర్ష్ ప్రకటించాడు. కొన్ని పిండములలో తలకు సంబంధించిన లోపాలు కనిపించాయి. ఎలుకలో కనిపించినది మనిషిలో లేదనడానికి ఇక వీలు లేకపోయింది.

కాని తల్లి కడుపులోని ఎలుక పిండమును బ్రతికి ఉండగా చూడడం ఎట్లా? 1955లో డెనిస్ న్యూ కోడి పిండమును దాని పచ్చసొన పొరతో సహా తీసి, ఆ పొరను గాజు ఉంగరము మీద సాగదీసి, వాచ్ గ్లాసులో పెంచాడు. మడతలు కలుసుకోవడం సూక్ష్మదర్శినిలో కంటి ఎదుటనే కనిపించింది. ఇంత సులభమైన ఏర్పాటు ఎవరికీ ముందు తోచకపోవడం వింతే. పిమ్మట ఆయనే ఎలుక పిండములను సీరముతో నింపిన సీసాలలో పెంచే పద్ధతిని రూపొందించాడు.

1965లో హిబ్బార్డ్, స్మిథెల్స్ ఇంగ్లండులో ఇట్టి బిడ్డలను కన్న తల్లులను పరీక్షించి, ఫోలిక్ ఆమ్లపు వినియోగములో తేడా ఉన్నదని సూచించారు. చాలకాలము వాదాలు సాగాయి. ఏడు దేశాలలో 33 కేంద్రాలలో జరిగిన పరీక్షా ఫలితములు 1991లో వెలువడ్డాయి. అంతకుముందు ఒకసారి ఇట్టి బిడ్డను కన్న 1,817 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. తిరిగి లోపము కనిపించిన 27 గర్భములలో ఫోలిక్ ఆమ్లము తీసుకున్నవారివి 6, తీసుకోనివారివి 21. అనగా నూటికి 72 వంతుల రక్షణ. తక్కినవానికి కారణమేమో, మడతలు అతుక్కోవడంలో ఈ విటమిను సరిగా ఏ మెట్టు వద్ద పనిచేస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదు.

మన దేశములో గర్భిణీ స్త్రీలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల బిళ్లలు 1970 నుండి ఇస్తున్నారు. కాని స్త్రీ ఆసుపత్రికి వచ్చి పేరు నమోదు చేయించుకునే సరికి ఆ 28 రోజులు తరచు దాటిపోతాయి. జమ్మలమడుగు శనగలలోను, తోటకూర, పాలకూరలలోను ఈ విటమిను ఉన్నది. ఉడికించిన నీళ్లు పారబోస్తే మాత్రం కొంత పోతుంది. ప్రభుత్వ పాఠశాలలలో 2012-13 నుండి వారానికొకసారి ఇచ్చే నీలిరంగు బిళ్లలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉన్నది. అది రక్తహీనత కోసం ఉద్దేశించినది. 1991 నాటి పరీక్షలో రోజూ ఇచ్చిన 4 మిల్లీగ్రాములతో పోల్చదగినది కాదు. అయినా పదార్థము మాత్రము లెడర్లీలో 1945లో తయారైనదే.