పరుగు పోటీలకు హామ్ రేడియో అండ

మారథాన్ పరుగు దూరం 42.195 కిలోమీటర్లు. ఆ దారిలో ఎవరు ఎక్కడ సొమ్మసిల్లి పడిపోయారో, ఏ కేంద్రంలో తాగునీరు నిండుకుందో నిర్వాహకులకు వెంటనే తెలియాలి. సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా అనుకోవచ్చు. కానీ వేలాదిమంది ఒకేచోట గుమికూడి ఒకేసారి ఫోన్లు చేస్తే లైన్లు కలవడం కష్టం. అటువంటి వేళ ఆదుకునేవారే హామ్ రేడియో స్వచ్ఛంద సేవకులు. చేతిలో ఇమిడే వైర్‌లెస్ సెట్లతో దారి పొడవునా నిలబడి, పైసా పుచ్చుకోకుండా కబురు చేరవేయడం వీరి పని.

ఎవరీ హామ్‌లు?

అభిరుచి కొద్దీ రేడియో తరంగాలపై మాట్లాడుకునేందుకు ప్రభుత్వం నుంచి లైసెన్సు పొందినవారిని హామ్‌లు అంటారు. ఈ విద్యకు అమెచ్యూర్ రేడియో అని పేరు. మన దేశంలో కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పరిధిలోని వైర్‌లెస్ విభాగం పరీక్ష నిర్వహించి లైసెన్సు మంజూరు చేస్తుంది. ప్రతి ఒక్కరికీ ప్రత్యేక పిలుపు సంకేతం ఉంటుంది. జనరల్ శ్రేణి వారి సంకేతం వీయూ2తోను, పరిమిత శ్రేణి వారిది వీయూ3తోను మొదలవుతుంది. ఈ తరంగాలను వ్యాపారానికి వినియోగించరాదు, సేవకు ప్రతిఫలం స్వీకరించరాదు.

దారి పొడవునా కాపలా

పోటీకి ముందే నిర్వాహకులతో కూర్చుని హామ్‌లు దారి పటం సిద్ధం చేసుకుంటారు. పరుగు ఆరంభమయ్యే చోట, ముగిసే చోట, మంచినీటి కేంద్రాల వద్ద, వైద్య శిబిరాల వద్ద ఒక్కొక్కరు ఉంటారు. అంబులెన్సులో ఒకరు, పరుగు విరమించిన వారిని ఎక్కించుకుంటూ అందరికంటే వెనుక వచ్చే వాహనంలో మరొకరు కూర్చుంటారు. వీరందరినీ సమన్వయపరిచేది నియంత్రణ కేంద్రం. అక్కడ కూర్చున్న అనుభవజ్ఞుడు ఎవరు ముందు మాట్లాడాలో నిర్ణయిస్తాడు, ప్రతి సందేశాన్ని సమయంతో సహా పుస్తకంలో రాసుకుంటాడు.

చేతి సెట్ల శక్తి సాధారణంగా 5 వాట్ల వరకే ఉంటుంది. ఎత్తయిన భవనాలు, గుట్టలు అడ్డు వస్తే మాట అందదు. అందుకే ఎత్తయిన ప్రదేశంలో రిపీటర్ అనే యంత్రాన్ని అమర్చుతారు. అది ఒక పౌనఃపున్యంపై వచ్చిన మాటను అందుకుని వేరొక పౌనఃపున్యంపై తిరిగి ప్రసారం చేస్తుంది. మన దేశంలో ఇటువంటి స్థానిక సంభాషణకు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

మాట పొదుపే ముఖ్యం

ఈ పద్ధతిలో ఒకేసారి ఒక్కరే మాట్లాడగలరు. ఒకరు మీట నొక్కి పట్టుకుని ముచ్చట్లు పెడితే, అవతల ప్రాణాపాయంలో ఉన్నవారి కబురు ఆగిపోతుంది. అందువల్ల కొన్ని నియమాలు తప్పనిసరి.

* మాట్లాడే ముందు విని, ఖాళీ ఉందని నిర్ధారించుకోవాలి.
* మీట నొక్కిన తరువాత ఒక క్షణం ఆగి మాట్లాడాలి. లేనిచో మొదటి పదం తెగిపోతుంది.
* ఎక్కడ, ఏమి జరిగింది, ఏమి కావాలి అనే మూడు విషయాలే చెప్పాలి.
* క్షతగాత్రుని పేరు, వ్యాధి వివరాలు ప్రసారం చేయరాదు. ఈ మాటలను ఎవరైనా వినగలరు. ఛాతీపై అంటించిన సంఖ్య చెబితే చాలు.
* విన్నవారు సందేశాన్ని తిరిగి చదివి వినిపించాలి.
* అదనపు బ్యాటరీ, కాగితం, కలం వెంట ఉండాలి.

వైద్యం చేయడం, రోగిని తరలించడం హామ్ బాధ్యత కాదు. సమాచారం ఖచ్చితంగా చేరవేయడమే ఆయన ధర్మం.

బోస్టన్‌లో ఏమి జరిగింది?

అమెరికాలోని బోస్టన్ మారథాన్‌కు హామ్‌లు ఏళ్ల తరబడి సేవలందిస్తున్నారు. 2013 ఏప్రిల్ 15న ముగింపు గీత సమీపంలో రెండు బాంబులు పేలి ముగ్గురు మరణించారు, వందలాదిమంది గాయపడ్డారు. ఆ రోజు రెండు వందలకు పైగా హామ్‌లు విధుల్లో ఉన్నారు. ఆత్మీయుల క్షేమం కోసం జనమంతా ఒక్కసారిగా ఫోన్లు చేయడంతో సెల్ వ్యవస్థ స్తంభించింది. ఇంకా దారిలోనే ఉన్న వేలాదిమందిని నిలిపివేయాల్సి వచ్చింది. శిబిరాలకు, పరుగువీరులను తరలించే బస్సులకు మధ్య సమాచారం హామ్‌ల ద్వారా కొనసాగింది. నీళ్ల సీసాలు, ఆలస్యమైన బస్సుల గురించి మాట్లాడుకునేందుకు ఏర్పడిన వ్యవస్థే విపత్తు వేళ అక్కరకు వచ్చింది.

తెలుగు నేలతో అనుబంధం

1983లో హైదరాబాద్‌లో నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యలో శిక్షణనిస్తూ వచ్చింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ దీవుల నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడేందుకు పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. డిసెంబరు 26న సునామీ విరుచుకుపడి టెలిఫోన్లు మూగబోగా, సరదాకు తీసుకువెళ్లిన ఆ పరికరాలతోనే దీవుల్లోని వారి క్షేమ సమాచారాన్ని బయటి ప్రపంచానికి చేరవేసింది.

చేరాలంటే...

12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. రేడియో పరిజ్ఞానం, నిబంధనలు అనే రెండు విభాగాల్లో ప్రశ్నలుంటాయి. జనరల్ శ్రేణి కోరేవారు మోర్స్ సంకేతాలు కూడా నేర్వాలి. లైసెన్సు లేకుండా హామ్ తరంగాలపై మాట్లాడటం చట్టరీత్యా నేరం. ఇతరుల తరఫున సందేశాలు పంపడంపైనా నిబంధనలు పరిమితులు విధించాయి. కాబట్టి పోటీల నిర్వాహకులు హామ్ క్లబ్బులను ముందుగానే సంప్రదించి, అవసరమైన అనుమతులు పొందాలి.

హైదరాబాద్, విశాఖలోనే కాక జిల్లా కేంద్రాల్లోనూ 5కె, 10కె పరుగులు జరుగుతున్నాయి. తుపానులు, వరదలు తరచూ వచ్చే మన తీర జిల్లాల్లో ఈ పరుగులు హామ్‌లకు మంచి సాధన అవుతాయి. సెట్టు పట్టుకుని తడబడకుండా మాట్లాడటం తుపాను నాడు నేర్చుకునే పని కాదు.