అతుకు ఒకచోట, ఊనిక ఇంకోచోట

డచ్‌లో ‘నోట్‌లాట్’ అంటే విధి. ఊనిక మొదటి ముక్క మీద. చివర ‘అఖ్’ ప్రత్యయం చేర్చి ‘ప్రాణాంతకమైన’ అనే విశేషణం చేయగానే, ఊనిక ‘లాట్’ మీదకి దూకేస్తుంది. ‘హార్ట్స్‌టాఖ్ట్’ (మోహావేశం) నుంచి పుట్టిన ‘హార్ట్స్‌టాఖ్టలక్’లోనూ ఇదే వరస: ఊనిక ‘టాఖ్’ మీద.

1863లో డి వ్రీస్, తె వింకెల్ ఒక మహా నిఘంటువు కోసం స్పెల్లింగ్ సూత్రాలు కుదిర్చారు. ఉచ్చారణ ఒక్కటే చాలదన్నారు; పదం పుట్టుక కూడా కనిపించాలన్నారు. ‘నోట్’లో వినపడేది ‘ట్’ అయినా రాసేది ‘డ్’. పంక్తి చివర సమాసాన్ని విరిచేటప్పుడూ అతుకుదే పెత్తనం: ‘హార్ట్స్’ దగ్గర విరవాలి, ‘హార్ట్’ దగ్గర కాదు.

1864లో మొదలైన ఆ నిఘంటువు 1998లో గానీ పూర్తవలేదు. మామూలు రాతలో ఊనికకి మాత్రం ఇప్పటికీ గుర్తు లేదు. పదం ఎక్కడ అతికిందో అక్షరాలు చెప్తాయి. ఎక్కడ నొక్కాలో డచ్చివాళ్ళ నోటే వినాలి.