కణితి తవ్వించుకొనే కాలువలు

కణితికీ ఆకలి ఉంటుంది. కొత్త రక్తనాళాలను రప్పించుకోనిదే అది కొన్ని మిల్లీమీటర్లకు మించి పెరగలేదని 1971లో జూడా ఫోక్‌మన్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు ప్రతిపాదించాడు. మొదట నమ్మినవారు కొద్దిమందే.

నాళాలను పిలిచే ప్రోటీన్లను వృద్ధికారకాలంటారు. వాటిలో ముఖ్యమైన వీఈజీఎఫ్ జన్యువును 1989లో నెపోలియన్ ఫెరారా బృందం వేరుచేసింది. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరచినది 1992 నాటి పరిశీలన: గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కణితిలో, ప్రాణవాయువు అందక చచ్చిన భాగాల అంచునే ఈ ప్రోటీన్ విరివిగా తయారవుతుంది. ఊపిరాడని కణాలే కాలువలు తవ్వించుకొంటున్నాయన్నమాట!

ఫోక్‌మన్ 2008లో కన్నుమూశాడు. వీఈజీఎఫ్‌ను అడ్డుకొనే బెవసిజుమాబ్‌కు, తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమా చికిత్సకై అమెరికాలో 2009లో అనుమతి లభించింది. కానీ 2014లో రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. కొత్తగా వ్యాధి బయటపడినవారిలో ఈ మందు కణితి తిరిగి పెరగడాన్ని మూడు నాలుగు నెలలు వాయిదా వేసింది, ఆయుష్షును పెంచలేదు. కొత్త కాలువలు మూసుకుపోయినా, ఆ కణాలు మెదడులోని పాత నాళాల వెంబడే పాకిపోగలవు.

ఫోక్‌మన్ ఊహ నిజమే. అయితే వ్యాధి గుట్టు తెలియడం వేరు, వ్యాధి లొంగడం వేరు. ఆ రెంటి నడుమ దూరాన్ని రోగులు తమ నెలలతో కొలుస్తున్నారు. అందుకే ఈ చరిత్రను నేను విజయగాథగా చెప్పలేను.