బిందె మీద 'ము'

మా అమ్మ పుట్టింటి పేరు ముప్పాళ్ళ. నేను కాపురానికొచ్చిన ఊరి పేరూ ముప్పాళ్ళే. సంబంధం చూసినప్పుడు ఎవరికీ ఈ సంగతి తట్టలేదు. అబ్బాయి చదువు, పొలం, బస్సు సౌకర్యం అన్నీ అడిగారు గానీ, ఊరి పేరు మన పేరే కదా అన్న మాట ఎవరి నోటా రాలేదు.

తట్టింది సారె దించిన రోజున. సామాన్లలో అమ్మ తన పెళ్ళికి తెచ్చుకున్న ఇత్తడి బిందె కూడా ఉంది. దాని మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన 'ము.' అనే అక్షరం, పక్కన మా తాతయ్య పేరు. మా అత్తమ్మ దాన్ని తిప్పి చూసి, "ఊరి పేరు ముందే కొట్టించుకొచ్చారే!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ 'ము' నా బుర్రలోనే ఉండిపోయింది. అమ్మ వాళ్ళ పూర్వీకులు ఈ ఊరి నుంచే వెళ్ళారా? తాతయ్య వాళ్ళు కృష్ణ అవతలివాళ్ళు. ఆ ఇంట్లో ఒక్కరూ ఈ ఊరు చూసినవాళ్ళు లేరు.

కొన్నాళ్ళకి కాస్త చనువు ఏర్పడ్డాక మా వీధి చివర అరుగు మీద కూర్చునే పెద్దాయన్ని అడిగాను. "తాతా, ఈ ఊళ్ళో ముప్పాళ్ళ వాళ్ళు ఎవరైనా ఉన్నారా?" ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఊళ్ళో ఉన్నోళ్ళమంతా ముప్పాళ్ళోళ్ళమే గదమ్మా" అన్నాడు.

అప్పుడు సిగ్గేసింది. తర్వాత ఆలోచిస్తే, ఇంటిపేర్ల చరిత్ర సగం ఆ మాటలోనే ఉంది. ఊళ్ళో ఉన్నంతకాలం ఊరి పేరు ఇంటిపేరు కాదు. అందరూ ఆ ఊరివాళ్ళే అయినప్పుడు ఆ పేరుతో పిలిస్తే ఎవరు పలకాలి? కరువుకో, కొలువుకో, తగాదాకో ఊరు వదిలి ఇంకో ఊరు చేరినప్పుడు అక్కడివాళ్ళు "ఎవరు వాళ్ళు?" అంటే "ముప్పాళ్ళ నుంచి వచ్చినవాళ్ళు" అంటారు. ఒక తరం గడిచాక అదే ఇంటిపేరు. అంటే ఊరి పేరుతో ఉన్న ఇంటిపేరు మనం వదిలేసి వచ్చిన ఊరిది. పైగా అది మనం పెట్టుకున్నది కాదు, కొత్త ఊరివాళ్ళు పెట్టింది.

ఈ లెక్కన చూస్తే బడిలో చదువుకున్న పెద్దవాళ్ళ పేర్లన్నీ వలస కథలే. కందుకూరి వీరేశలింగం గారు 1848లో పుట్టింది రాజమహేంద్రవరంలో, కందుకూరు ఎక్కడో దక్షిణాన ఉంది. గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టింది విశాఖ వైపు రాయవరంలో, గురజాడ ఊరేమో కృష్ణా జిల్లాలో. (మన గురజాల వేరు. మా అమ్మాయి మూడో తరగతిలో ఆ రెండూ కలిపేసి, గురజాడ మన పల్నాడు ఆయనేనని పరీక్షలో రాసొచ్చింది.) అంత దూరం ఎందుకు, 'మాలపల్లి' రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1877లో మన పాత సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. ఉన్నవ అనే ఊరు చిలకలూరిపేట దగ్గర ఎడ్లపాడు మండలంలో ఉంది. ఉన్నది ఒక ఊళ్ళో, పేరులో మోసేది ఇంకో ఊరిని.

మాటల అమరికలోనూ ఈ వలస కనిపిస్తుంది. చిన్నప్పుడు వ్యాకరణంలో ఔపవిభక్తికాలని బట్టీ పట్టించారు, గుర్తుందా? ఇల్లు ఇంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, పాడు పాటి, వీడు వీటి. మార్కుల కోసం చదివి వదిలేశాం గానీ మన ఇంటిపేర్లు అక్కడే తయారయ్యాయి. టంగుటూరు వాళ్ళు టంగుటూరి, కొండవీడు వాళ్ళు కొండవీటి. మా మండలంలోనే దమ్మాలపాడు ఉంది, దమ్మాలపాటి అనే ఇంటిపేరు మీరు వినే ఉంటారు. ఆ చివరి 'ఇ'కి, 'టి'కి అర్థం 'ఆ ఊరికి చెందిన' అని. ముప్పాళ్ళ, దుగ్గిరాల, వావిలాల లాంటివి చివర మారకుండా అలాగే ఇంటిపేర్లయ్యాయి.

ఇంకో వింత కూడా మా మండలంలోనే ఉంది. కుందూరివారిపాలెం, చాగంటివారిపాలెం అని రెండు ఊళ్ళు. కుందూరు నుంచి వచ్చినవాళ్ళు కుందూరి వాళ్ళయ్యారు, ఆ కుందూరి వాళ్ళుండే పాలెం మళ్ళీ ఒక ఊరైంది. ఊరు ఇంటిపేరై, ఇంటిపేరు తిరిగి ఊరైంది. రేపు ఆ పాలెం నుంచి ఎవరైనా హైదరాబాదు వెళ్ళి స్థిరపడితే వాళ్ళని ఏమంటారో!

ఇక అసలు ప్రశ్న, మా అమ్మ వాళ్ళు ఈ ముప్పాళ్ళ వాళ్ళేనా? ఇక్కడే చిక్కు. ముప్పాళ్ళ ఒక్కటి కాదు. మాది ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా. కృష్ణ ఒడ్డున చందర్లపాడు మండలంలో ఇంకో ముప్పాళ్ళ ఉంది. ప్రకాశం జిల్లాలో నాగులుప్పలపాడు వైపు మరొకటి. ఈ ఇంటిపేరు కులానికొకటిగా వేరు వేరు కుటుంబాల్లో ఉంది, ఊరు అందరిదీ కాబట్టి. అందుకే ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలు కారు. పెళ్ళిళ్ళ దగ్గర మనవాళ్ళు ఇంటిపేరుతో ఆగకుండా గోత్రం కూడా అడిగేది ఇందుకేనేమో. కొందరు దీన్ని ముప్పాళ అని రాస్తారు, కొందరు ముప్పాల అని. చివర 'నేని' చేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. నాయుడు, నాయకుడు అనే గౌరవం ఆ 'నేని'లో ఉంది. 1995లో 'తాజ్‌మహల్' సినిమా తీసిన దర్శకుడు ముప్పలనేని శివ పేరు తెర మీద చూసినప్పుడు మా అమ్మ, "మనవాళ్ళేమో!" అని మురిసిపోయింది. అదీ ఇంటిపేరు మహిమ.

ఊరి పేరుకి అర్థం చెప్పేవాళ్ళకీ కొదవ లేదు. ముక్కంటిలో, ముప్పేటలో మూడు 'ము' అయినట్టే మూడు పాళ్ళు ముప్పాళ్ళయిందని చెబితే వినడానికి బావుంటుంది. చెవికి ఇంపుగా ఉన్నంత మాత్రాన చరిత్ర కాదు. ఊరి పేరు పాత శాసనంలో ఏ రూపంలో ఉందో చూడకుండా విడదీసే పని నేను చెయ్యను.

ఎంతమంది ఉన్నారో లెక్క తేలుద్దామంటే మన దగ్గర ఇంటిపేర్ల లెక్కలు ప్రచురించరు. ఓటర్ల జాబితాలో వెతుక్కోవాల్సిందే. అక్కడా పెళ్ళైన ఆడవాళ్ళు చాలామంది భర్త ఇంటిపేరు కిందే ఉంటారు. పోలండ్‌లో మాత్రం ప్రభుత్వమే జనాభా రిజిస్టరు నుంచి ఏ ఇంటిపేరుతో ఎందరున్నారో లెక్క బయటపెడుతుంది. అక్కడ అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న పేరు నోవాక్, రెండు లక్షల మంది దాకా ఉంటారు. దాని అర్థం 'కొత్తవాడు', ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాడని. మనలో 'కొత్త' అనే ఇంటిపేరు ఉన్నవాళ్ళు నవ్వుకోవచ్చు.

పోలండ్ దాకా ఎందుకు వెళ్ళానంటే మేరీ క్యూరీ వల్ల. మా అమ్మాయికి పాఠం చెబుతుంటే తెలిసింది, ఆవిడ పుట్టింటి పేరు స్క్లొదోవ్‌స్కా అని. స్క్లొదీ అనే ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు అది. మగవాళ్ళకైతే స్క్లొదోవ్‌స్కి. అచ్చం మన 'టి' లాగానే ఆ 'స్కి'కీ 'ఆ ఊరికి చెందిన' అనే అర్థం. అక్కడ ఆడవాళ్ళకి చివర మారుతుంది. పాత పద్ధతిలో నోవాక్ గారి భార్య నోవాకోవా, కూతురు నోవాకువ్నా. పేరు వింటే చాలు పెళ్ళైందో లేదో తెలిసిపోయేది. ఎంత సౌకర్యమో, ఎవరికి సౌకర్యమో! ఫ్రాన్సులో పెళ్ళి చేసుకుని క్యూరీ అయిన ఆ తల్లి పుట్టింటి పేరు వదల్లేదు, రెండూ కలిపి స్క్లొదోవ్‌స్కా క్యూరీ అని సంతకం చేసేది. 1898లో కొత్త మూలకం కనిపెట్టినప్పుడు దానికి పుట్టిన దేశం పేరే పెట్టింది, పొలోనియం అని.

మనవాళ్ళలో చూడండి. చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు గారు, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన భండారు అచ్చమాంబ గారు ఒక తల్లి పిల్లలే. పేర్లు పక్కపక్కన పెడితే అన్నీ తెలిసినవాళ్ళకి తప్ప తోడబుట్టినవాళ్ళని తెలియదు. గుంటూరులో 1922లో ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టిన లక్ష్మీబాయమ్మ గారు ఉన్నవ లక్ష్మీబాయమ్మగానే తెలుసు, అది భర్త ఇంటిపేరు. మగవాడు తాతలు వదిలిన ఊరిని మోస్తాడు. మనం ఇంకొకరి తాతలు వదిలిన ఊరిని మోస్తాం. మనం పుట్టని ఊరు, కాపురం చెయ్యని ఊరు.

మినహాయింపులు లేకపోలేదు. ఆతుకూరి మొల్లకి తండ్రి ఇంటిపేరే నిలిచింది. వెంగమాంబ పుట్టింటివాళ్ళు కానాల వారు. ఆవిడ తరిగొండ వదిలి తిరుమల చేరింది కాబట్టి లోకం తరిగొండ వెంగమాంబ అంది. ఇంటిపేరు ఎలా పుడుతుందో కళ్ళకు కట్టిన ఉదాహరణ అది, అదీ ఒక ఆడమనిషి సొంత నడకతో వచ్చిన పేరు. మన పల్నాటి నాగమ్మకైతే ఇంటిపేరుతో పనే లేదు, నాయకురాలు అంటే చాలు. ఇక నా 'ము' దగ్గరికే వస్తే, 'బలిపీఠం', 'స్వీట్‌హోం' నవలలు చదివిన మా అమ్మ తరానికి ఆ రచయిత్రి ముప్పాళ రంగనాయకమ్మ. ఆ ఇంటిపేరు పెళ్ళితో వచ్చింది. తర్వాత ఆవిడ దాన్ని తీసేసి ఉత్త రంగనాయకమ్మ అయ్యారు. మా అమ్మ పుట్టుకతో వచ్చిన ముప్పాళ్ళని పెళ్ళితో పోగొట్టుకుంది. ఆవిడ పెళ్ళితో వచ్చినదాన్ని తనే వదిలేశారు. అమ్మకి ఆ రెండో సంగతి మహా ఆశ్చర్యం. "అట్టా తీసెయ్యొచ్చా?" అంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. మొన్న అడిగింది, "అమ్మా, నేను ఇంటిపేరు మార్చుకోవాలా?" అని. పెళ్ళైతే మార్చుకు తీరాలని మన దేశంలో చట్టమేదీ లేదు. సర్టిఫికెట్లలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే తిప్పలు మాత్రం ఉన్నాయి. నేను పడ్డాను. ఒక ఆఫీసులో నా పుట్టింటి పేరుకి రుజువు తెమ్మని మూడుసార్లు తిప్పారు. నేను అదే మనిషినని నా ముందే కూర్చుని నమ్మలేదు.

దానికి నేను ఠక్కున జవాబు చెప్పలేకపోయాను. "మీ నాన్ననడుగు" అనబోయి ఆగాను. కన్యాదానం దగ్గర ప్రవర చెప్పేటప్పుడు ముత్తాత మునిమనుమరాలు, తాత మనుమరాలు, తండ్రి కూతురు అని ముగ్గురు మగవాళ్ళని తలుస్తారు. నా పెళ్ళిలో అమ్మ పక్కనే నిలబడి ఉంది, ఆ వరసలో ఆమె పుట్టింటి పేరు రాదు. రేపు నా కూతురి పెళ్ళిలో నాదీ రాదు. ఆ ముప్పాళ్ళ అనే మాట మా తల్లీకూతుళ్ళ మధ్య మిగిలింది కాగితాల్లో కాదు, బిందె మీద.

ఆ మాటే చెప్పి బిందె దించి చూపించాను. అది వేలితో 'ము'ని తడిమి చూసింది. పేరు సంగతి ఇంకా తేల్చుకోలేదట. కాబోయే అతనితో మాట్లాడతానంది. మాట్లాడనీ, నేను తొందరపెట్టను. కొత్త గిన్నెలకి పేర్లు కొట్టడానికి సామాన్ల కొట్టతను ముందు ఏ అక్షరం వెయ్యాలని రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండు రోజులు ఆగమన్నాను.

బిందె మాత్రం తనకే కావాలంది. "కానీ అమ్మా, ఇకనుంచి దీన్ని చింతపండు పెట్టి అంత గట్టిగా తోమించకు, చుక్కలు అరిగిపోయాయి" అంది.